మిలట్రీ సాయిబూ, ఆయన దొరా

ఆయన పోయి నిన్నటికి నలభై రోజులు. పోయినవాళ్ళ కోసం నలభయ్యో రోజున చేసే ప్రార్థనకు, ఫాతెహాకు, వాళ్ళ ఇంటికి వెళ్ళి వచ్చాను. ఆయన గురించి ముందే రాద్దామనుకున్నాను గాని, అక్కడ చెప్పవలసిన మాట చెప్పకుండా ఇక్కడ రాయడం సరికాదనిపించి ఆగాను.

పేరు రాయడం లేదు. గురజాలలో ఆ పేరుతో ఆయన్ను పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ మిలట్రీ సాయిబు. నలభై ఏళ్ళకు పైగా ఎరిగిన మనిషి నన్ను అడిగింది ఒక్కటే, అదీ పదహారేళ్ళ క్రితం. ఒక కాగితం. తన భార్య మీద పడిన నింద తప్పని, ఆ తప్పు ఎక్కడ జరిగిందో తెలిసినదానిగా నేను రాసి సంతకం పెట్టిన కాగితం. నేను ఇవ్వలేదు. ఈ సంగతి దాచిపెట్టి రాస్తే ఆయన బొమ్మ సగమే వస్తుంది.

బస్టాండు దాటి మాచర్ల రోడ్డులో కొంచెం పోతే ఆయన షాపు ఉండేది. కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టడం, ఆయిల్ ఇంజన్లు విప్పి బిగించడం పని. మిలట్రీలో లారీలు బాగుచేసిన చెయ్యి. పని అయ్యాక చేతులు ముందు కిరసనాయిలుతో కడిగేవాడు, తర్వాత బట్టల సబ్బుతో, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసేవాడు. వాసన పోలేదనిపిస్తే మళ్ళీ మొదటినుంచి. అంతా అయ్యాక మూలనున్న ఇనప్పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన పుస్తకం బయటికి తీసేవాడు.

అది ఇంగ్లీషు పుస్తకం. అట్ట లేదు, మొదటి పదహారు పేజీలు లేవు. ఉత్తరాదిన ఒక కంటోన్మెంటులో పాత పుస్తకాలు తూకానికి అమ్ముతుంటే, పొట్లాలకు పోబోతున్నదాన్ని అడిగి తెచ్చుకున్నాడట.

"అన్ని పుస్తకాలుండగా అదే ఎందుకు తీసుకున్నారు?" అని అడిగాను ఒకసారి.

"బొమ్మ చూసి, టీచరమ్మా."

నలభై మూడో పేజీలో ఉంది ఆ బొమ్మ. ఓడలో గుర్రానికి పొట్ట కింద పట్టీ వేసి, సముద్రం ఊగినా పడిపోకుండా పైకి వేలాడదీశారు. "లారీలోంచి ఇంజను దించేటప్పుడు మేం గొలుసు వేసేది అచ్చం అట్టాగే" అన్నాడు. ఆ గుర్రం ఎవరిదో తెలుసుకోవాలని డిక్షనరీ కొన్నాడు. బడిలో ఎనిమిదో తరగతి దాటని మనిషి.

గుర్రం ఒక ఫ్రెంచి దొరది. బతికి ఎనిమిది వందల ఏళ్ళు దాటింది. రాజు కాడు, రాజుకు దగ్గరివాడూ కాడు. గుట్ట మీద చిన్న కోట, కింద ఒక పిండిమర, మరకు నీళ్ళిచ్చే వాగు, ఆ నీళ్ళ కోసం పక్క మఠంలోని సన్యాసులతో తాతల నాటి తగాదా. జెరూసలేం కోసం యుద్ధానికి రమ్మని పిలుపు వస్తే భుజాన గుడ్డ శిలువ కుట్టించుకొని బయలుదేరాడు. పోయేముందు మఠానికి వెళ్ళి వాగు మీద తగాదా వదులుకున్నాడు. సముద్రం ఒడ్డున ఒక కోట ముట్టడిలో రెండు వేసవులు గడిపాడు. గుర్రాన్ని అక్కడే తిన్నారు. మూడేళ్ళకు ఇంటికొచ్చాడు, ఆరేళ్ళు ఉన్నాడు, మళ్ళీ పోయాడు. ఆ పోవడం తిరిగి రాలేదు. ఆయన రాసిన ఉత్తరం ఒక్కటి లేదు. ఆయనా, ఆయన భార్యా మఠానికి ఇచ్చిన దానపత్రాలను మాత్రం సన్యాసులు భద్రం చేశారు.

"ఏమన్నాడో ఎవరూ రాసిపెట్టలా. ఏమిచ్చాడో రాసిపెట్టారు" అనేవాడు సాయిబు, అది దొరకు జరిగిన అన్యాయమన్నట్టు.

ఆ దొర చరిత్ర తెలుగులో రాయడం మొదలుపెట్టాడు. అనువాదం కాదు. పుస్తకంలో ఉన్నది చదివి, మూసి, తనకు అర్థమైనట్టు రాసుకునేవాడు. నాకు తెలిసి 1988 నుంచి. రెండు వందల పేజీల నోటు పుస్తకాలు రెండు నిండాయి, మూడోది నూట పన్నెండో పేజీ దాకా వచ్చింది. అంటే ఏడాదికి సుమారు పద్నాలుగు పేజీలు. నేను ఆ మాట అంటే నవ్వేవాడు. "ఎనిమిది వందల ఏళ్ళు ఆగాడు. నా కోసం ఇంకో నాలుగేళ్ళు ఆగలేడా?"

మిరప తోటలకు నీళ్ళు పెట్టే రోజుల్లో షాపు ముందు ట్రాక్టర్లు నిలబడేవి. రైతులు అరిచేవాళ్ళు. ఒకనాడు నేను అక్కడున్నప్పుడే ఒకాయన కాలిన మోటారు దించి, సాయిబు చేతిలో పుస్తకం చూసి మండిపడ్డాడు.

"తోట ఎండిపోతా ఉంటే ఏంది సాయిబూ ఈ చదువు? నీ దొర ఓ నాలుగు రోజులు ఆగి చస్తే ఏం పోద్ది?"

"మా దొర చచ్చి చానా కాలమైందిలే. ఇప్పుడు చచ్చింది నీ మోటారు. ఇటు తే."

ఇంకొకరు ఇంకో రకంగా పొడిచేవాళ్ళు. "అది గాదు సాయిబూ, వాడు మీవోళ్ళని చంపటానికి వచ్చినోడు గదా. వాడి కథ నువ్వు రాయడమేంది?"

దీనికి మాత్రం ఆయన చేతిలో పని ఆపి జవాబు చెప్పేవాడు. "వచ్చాడు. ఎక్కడోణ్ణి ఎక్కడికి పంపారో చూడు. నన్నూ పంపారు. నేను మంచులో లారీ కింద పడుకున్నా, ఆయన ఎండలో గుర్రం పక్కన పడుకున్నాడు. చంపటానికి వచ్చినోడైతే మాత్రం, ఆడ ఏం తిన్నాడో అడగకూడదా?"

"అంత సరదా ఉంటే మన పల్నాటి వీరుల మీద రాయి."

"వాళ్ళకి ఏటేటా తిరునాళ్ళ చేసేవాళ్ళు ఉన్నారయ్యా. ఈయనకి ఎవరున్నారు?"

చూసి తెలుసుకోగలిగినదాన్ని పుస్తకంలో చదివి వదిలేసే మనిషి కాదు. ముట్టడిలో రాళ్ళు విసిరే యంత్రం సంగతి చదివాక, జీపు స్ప్రింగు పట్టీతో చిన్న యంత్రం చేశాడు. మొదటి రాయి షాపు వెనక ఇంటి పెంకు మూడు ముక్కలు చేసింది. ఆ ఇంటావిడ చీపురు పట్టుకొని వచ్చింది. "ఏమయ్యా, నీ దొరకి నా ఇల్లు కావాల్సి వచ్చిందా?" అని అరుస్తుంటే, ఆయన వినయంగా చేతులు కట్టుకొని, "ఎంత దూరం పడిందమ్మా, ఒకసారి కొలవనిస్తావా?" అన్నాడు. పెంకు మార్చి ఇచ్చాడు. దూరం మాత్రం రాసుకున్నాడు: అరవై రెండు అడుగులు. కొలతటేపు రెండో కొన పట్టుకున్నది నేనే.

మా బడి పిల్లల్ని కొండవీడు తీసుకువెళ్ళినప్పుడు బస్సు దారిలో మొరాయిస్తుందేమోనని ఆయన్ను తోడు రమ్మన్నాను. బస్సు మొరాయించలేదు. ఆయన మాత్రం పైన కోటగోడ వెంట అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి పిల్లలకంటే వెనకగా దిగొచ్చాడు. "మా దొర కోట ఇందులో మూలకి కూడా చాలదు టీచరమ్మా. పాపం, ఇంత చిన్న కోట నుంచి అంత దూరం పోయాడు" అన్నాడు. తన బంధువు పేదరికం చూసి వచ్చినవాడిలా బాధపడ్డాడు.

ఇప్పుడు నింద సంగతి.

వాళ్ళకు ఒక్కతే కూతురు. 1970లో పుట్టింది. అప్పట్లో ఆయన భార్య ఎక్కువగా కృష్ణ అవతల పుట్టింట్లో ఉండేది. భర్త సెలవు మీద వచ్చినప్పుడు ఇక్కడికి వచ్చేది. కాన్పు పుట్టింట్లోనే అయింది. మరుసటి ఏడు యుద్ధం వచ్చి సెలవులు రద్దయ్యాయి. అందువల్ల అత్తింటివాళ్ళు ఆ పిల్లను మొదటిసారి చూసేసరికి అది పరుగెత్తుతోంది. పదో తరగతి పాసైన ఏడు, వాళ్ళ పెద్దమ్మ, అంటే సాయిబు వదిన, నలుగురిలో ఒక మాట అన్నది: ఈ పిల్ల మా మరిది పిల్ల కాదు అని. ఆ మాట మళ్ళీ వెనక్కి పోలేదు. సాయిబు అన్నగారి గడప తొక్కడం మానేశాడు. ఆయన భార్య పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పోవడం మానేసింది. పుట్టింటివాళ్ళు వచ్చి, మా ఇంట్లో పుట్టింది, తేదీ మాకు తెలుసు అని చెప్పినా, "పుట్టింటివాళ్ళు అట్టా గాక ఎట్టా చెబుతారు?" అన్నారు.

ఊళ్ళో అందరితోపాటు నేనూ ఆ మాట విన్నాను. నాకు సంబంధించిన విషయం కాదనుకున్నాను. అది దేని ఆధారంగా అన్నారో నాకు తెలియదు, అడగనూ లేదు.

2008 చివర ఒక ఆదివారం ఆయన మా ఇంటికి ఒక కాగితం తెచ్చాడు. దొర పత్రాల తేదీలన్నీ వరసగా రాసి ఉన్నాయి. నేను లెక్కల టీచర్ని కాబట్టి ఒకసారి సరిచూడమన్నాడు. పదిహేడు తేదీలు. పదిహేను బాగానే కుదిరాయి. మిగిలిన రెండు కుదరలేదు. దొర యుద్ధం నుంచి ఇల్లు చేరి, క్షేమంగా వచ్చినందుకు మఠానికి ఒక పొలం ఇచ్చిన పత్రం మే నెలది. దొరసాని తనకు కొడుకు పుట్టాడని మఠం దీపాలకు నూనె ఇచ్చిన పత్రం ఫిబ్రవరిది. సంవత్సరం అంకె రెంటి మీదా ఒకటే.

"సాయిబు గారూ, ఈయన మూడేళ్ళు ఇంట్లో లేడు. మేలో వచ్చాడు. పిల్లవాడు ఫిబ్రవరిలో పుట్టాడు. ఆ పిల్లవాడు దొర కొడుకు కాడు" అన్నాను.

ఆయన కాగితం మళ్ళీ నా వైపు జరిపాడు. "ఇంకోసారి చూడండి టీచరమ్మా."

"ఎన్నిసార్లు చూసినా ఫిబ్రవరి మే కంటే ముందే."

"అయితే ఆయమ్మ తప్పు చేసిందంటారు."

"నేను తప్పని అనలేదు. లెక్క చెప్పాను."

"లెక్క చెప్పినోళ్ళు ఎవరూ తప్పని అనరమ్మా" అన్నాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. టీ తెస్తానన్నా ఆగలేదు. నేను అన్నది ఎవరికి తగిలిందో అప్పుడైనా నాకు తట్టాలి. తట్టలేదు. లెక్క సరిగా చెప్పానన్న తృప్తితో ఉన్నాను.

ఎనిమిది నెలలు మా ఇంటి వైపు రాలేదు.

వచ్చింది రంజాన్ నెలలో, 2009 ఆగస్టు ఆఖర్న. ఉపవాసంతో పెదవులు ఎండి ఉన్నాయి. కూర్చోకముందే కాగితం తీశాడు. దొర పత్రాలు కాదు, మఠంవాళ్ళ సొంత పత్రాలు రెండు. ఒకదానిలో అక్టోబరులో వాగు కట్ట తెగిందని ఉంది. ఇంకోదానిలో, మొన్న అక్టోబరులో తెగిన కట్ట బాగుచేశామని ఉంది, తేదీ జనవరి. రెండింటి మీదా సంవత్సరం ఒకటే.

"తెగకముందే ఎట్టా బాగుచేశారు టీచరమ్మా? నాకు చానా రోజులు అర్థం గాలా. ఇంజను బాగుంది, మీటరు బాగుంది, రెండూ కలవట్లా. అంటే మీటరు సున్నా వేరే చోట ఉందని గదా."

చర్చి ఫాదర్ ఒకాయన దగ్గరికి వెళ్ళి అడిగాడట. ఆయన ఎవరికో రాసి, జవాబు తెప్పించి చెప్పాడు: ఆ కాలంలో ఆ దేశంలో కొత్త సంవత్సరం జనవరిలో రాదు. ఈస్టరు పండుగకు వస్తుంది. ఆ పండుగ దాకా పాత ఏడు అంకే రాస్తారు.

మనకు ఉగాదికి ఏడు మారినట్టే. ఏటా చైత్రంలో కొత్త పంచాంగం కొనే నాకు ఆ ఊహ రాలేదు. వాళ్ళ ఫిబ్రవరి మే తర్వాత వచ్చిన ఫిబ్రవరి. మే నుంచి ఫిబ్రవరికి తొమ్మిది నెలలు. పిల్లవాడు దొర కొడుకే.

"నేను చెప్పింది తప్పు" అన్నాను. తప్పు బయటపడితే నాకు బాధ ఉండదు, సరైన జవాబు దొరికితే సంతోషమే. ఆ రోజు నిజంగా సంతోషపడ్డాను. ఆయన కూడా నవ్వాడు. నవ్వి, ఇంకో జేబులోంచి ఇంకో కాగితం తీశాడు.

"ఆయమ్మ నిలబడింది. ఇంకొకామె ఉంది. ఆమెది కూడా చూస్తారా?"

అది వాళ్ళ అమ్మాయి పదో తరగతి సర్టిఫికెట్టు నకలు. పుట్టిన తేదీ 1970 జూన్ ఒకటి.

"మా వదిన ఈ తారీకు చూసే ఆ మాట అన్నది. ఆ ఏడు నేను సెలవు మీద ఇల్లు చేరింది ఫిబ్రవరి మూడు. కోటప్పకొండ తిరునాళ్ళకి ఒక ప్రభ మీద లైట్ల జనరేటరు చెడిపోతే నేనే బాగుచేశా. చూసినోళ్ళు ఇంకా ఉన్నారు. అంతకు ముందు పదిహేను నెలలు ఇంటి మొహం చూడలా" అన్నాడు. "మా ఆవిడ ఏం చెబుద్దంటే, పిల్ల రంజాన్‌లో పుట్టింది, ఏడో ఉపవాసం నాడు. అది తారీకు చేసి పెట్టండి."

వాళ్ళ సంవత్సరం చంద్రుడిది, మన సంవత్సరం కంటే సుమారు పదకొండు రోజులు చిన్నది. పండుగ ఏటేటా ముందుకు జరుగుతుంది. 2009లో రంజాన్ ఏ రోజు మొదలైందో చేతిలో ఉంది కాబట్టి వెనక్కి లెక్కవేశాను. మొదట ముప్పై తొమ్మిది ఏళ్ళు వేసుకున్నాను. ఆయన వేలు పెట్టి ఆపాడు. "ముప్పై తొమ్మిది మీ ఏళ్ళమ్మా. మాకు నలభై రంజాన్‌లు గడిచినాయి." నిజమే. సరిచేసి మళ్ళీ వేశాను. నవంబరు ఏడో తేదీ వచ్చింది. నెలవంక ఒకరోజు ఆలస్యమైతే ఎనిమిది. ఆయన ఇల్లు చేరిన రోజు నుంచి రెండు వందల డెబ్బై ఏడు రోజులు. జూన్ ఒకటైతే నూట పద్దెనిమిది.

"మరి ఈ జూన్ ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాను.

అడిగాక నాకే తెలిసిపోయింది.

ఆ రోజుల్లో ఏ బడి రిజిస్టరు తీసినా సగం మంది పిల్లలు జూన్ ఒకటిన పుట్టి ఉంటారు. ఒకటో తరగతిలో చేర్చుకోవాలంటే బడి తెరిచేనాటికి అయిదేళ్ళు నిండాలి. నెలలు తక్కువైతే పిల్లను తిప్పి పంపడం ఇష్టంలేక, అయిదు నిండినట్టు జూన్ ఒకటి వేసేవాళ్ళం. మేలు చేస్తున్నామనే అనుకునేవాళ్ళం. 1975 జూన్‌లో ఆ పిల్ల చేరిన మా ఊరి బడిలో ఒకటో తరగతి నాది. అడ్మిషన్ రిజిస్టరు రాసింది నేనే.

"ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నా. మా ఆవిడ పిల్లని తీసుకొచ్చింది" అన్నాడు. "రంజాన్‌లో పుట్టిందని మీకు చెప్పిందంట. మీరు, 'మీ నెలలు నాకు తెలియవమ్మా, జూన్ ఒకటి రాస్తా, చేరటానికి సరిపోద్ది' అన్నారంట."

నాకు గుర్తులేదు. కాని అది నా మాటే. అప్పట్లో అలాగే మాట్లాడేదాన్ని.

ఇన్నేళ్ళుగా ఆయనకు తెలుసు. మా ఇంటి మోటారు మూడుసార్లు చుట్టి ఇచ్చాడు. రాయి పడిన దూరం కొలవడానికి టేపు కొన నా చేతికిచ్చాడు. ఒక్కనాడూ అనలేదు. అప్పుడు కూడా నింద వేసినట్టు అనలేదు, మోటారులో ఎక్కడ తీగ తెగిందో చూపించినట్టు చెప్పాడు.

"ఒక కాగితం మీద రాసివ్వండి టీచరమ్మా. ఈ తేదీ నేను వేశాను, అసలుది ఇది అని. మీ సంతకం. మీరు రాస్తే మా వదిన కూడా కాదనదు. మీ లెక్క అంటే ఊళ్ళో అందరికీ నమ్మకం."

ఆ ఏడే నేను రిటైరయ్యాను. పెన్షను కాగితాలు ఇంకా ఆఫీసులో తిరుగుతున్నాయి. గవర్నమెంటు రికార్డులో తెలిసి తప్పు తేదీ వేశానని నా చేతిరాతతో, నా సంతకంతో రాసివ్వాలి. పైగా, లెక్క తప్పదని పేరున్న మనిషిని. "రిజిస్టరులో ఉన్నదానికి విరుద్ధంగా నేను ఇప్పుడు రాసివ్వకూడదు సాయిబు గారూ" అన్నాను. రూలు చెబుతున్నట్టు చెప్పాను.

ఆయన సర్టిఫికెట్టు నకలు మడత పెట్టుకున్నాడు. "పర్లేదులే. తొందరేముంది."

తొందర ఉంది. 2011లో ఆయన భార్య పోయింది. నా పెన్షను కాగితాలు అప్పటికి ఏడాది క్రితమే తేలిపోయాయి. ఆమెను మోసుకెళ్ళిన జనాజా వాళ్ళ అన్నగారి ఇంటి ముందునుంచే వెళ్ళింది. లోపలినుంచి ఆడవాళ్ళెవరూ బయటికి రాలేదు.

ఆ తర్వాత కూడా ఆయన మామూలుగానే వచ్చేవాడు. చేతులు వాసన చూసుకొని, పుస్తకం విప్పి, దొర రెండోసారి ఎందుకు పోయాడో మాట్లాడేవాడు. "మొదటిసారి పిలిస్తే పోయాడు. రెండోసారి ఎవరూ పిలిచినట్టు లేదు. ఇల్లు అలవాటు తప్పిందేమో" అనేవాడు. కాగితం మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే ఏమనేదాన్నో నాకు తెలియదు. ఎత్తకపోవడం నాకు సుఖంగా ఉండేది.

మొన్న ఆయన పోయాక ముప్పై రెండో రోజున వాళ్ళ అమ్మాయి వచ్చింది. నరసరావుపేటలో నర్సు. యాభై అయిదు నడుస్తోంది. తండ్రి నోటు పుస్తకాలు మూడూ సంచిలో తెచ్చి నా ముందు పెట్టింది.

"నాయన ఈ దొర మీద అన్నేళ్ళు ఎందుకు పడ్డాడు టీచరమ్మా? ఇంట్లో ఏమన్నా అడిగితే నవ్వేవాడు. మీకేమన్నా చెప్పాడా?"

మూడో పుస్తకం తెరిచాను. దొరసాని ఫిబ్రవరి పత్రం గురించి తొమ్మిది పేజీలు రాశాడు. దొర చేసిన యుద్ధం మొత్తానికి కలిపి ఆరే పేజీలు. తొమ్మిదో పేజీ చివర ఇలా ఉంది: 'ఈ తేదీలు సరిచూసి పెట్టినది మా ఊరి టీచరమ్మ. ఆమె లెక్క తప్పదు.'

ఆ సున్నా ఎక్కడుందో కనిపెట్టింది ఆయన. నేను చేసింది ఆ దొరసానిని తప్పుపట్టడం.

"నలభయ్యో రోజు వస్తాను. మీ పెద్దమ్మ కూడా వస్తుందా?" అన్నాను.

"పెద్దనాన్న పోయాక కూడా ఆమె మా ఇంటికి ఎప్పుడూ రాలా. ఈసారి నేనే పోయి పిలిచా. వస్తానంది. ఎందుకు?"

"ఆమె ఎదురుగా చెబుతాను."

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. సంచి నా దగ్గరే వదిలి వెళ్ళింది.

నిన్న ఫాతెహా అయి, మగవాళ్ళు భోజనాలకు లేచాక, ఆడవాళ్ళు పెరట్లో పందిరి కింద కూర్చున్నారు. పెద్దమ్మకు ఎనభై ఎనిమిదేళ్ళు. గోడకు ఆనుకొని, కొంగు తలమీదికి లాక్కొని కూర్చుంది. నేను కాగితం రాసుకొని వెళ్ళాను, కిందటి రోజు తేదీ వేసి, సంతకం పెట్టి. ఆమె ముందు కూర్చొని చదివాను.

చదవడం అయ్యాక ఆమె పక్కకు తిరిగి, "ఏమంటది ఈమె?" అంది.

"పెద్దమ్మకి సరిగా వినపడదు టీచరమ్మా. కొంచెం గట్టిగా" అంది అమ్మాయి.

గట్టిగా చదివాను. పక్కనున్నవాళ్ళు మాటలు ఆపారు.

"రాసిందా? ఏం రాసింది?"

"ఇంకా గట్టిగా" అంది అమ్మాయి. ఈసారి ఆమె గొంతులో బతిమాలడం లేదు.

కాగితం పక్కన పెట్టాను. "బళ్ళో తేదీ తప్పు వేసింది నేను! జూన్ కాదు! పిల్ల పుట్టింది నవంబరు ఏడు! మీ తోడికోడలు నాకు నిజమే చెప్పింది! నేనే వినలేదు!" ముప్పై నాలుగేళ్ళు క్లాసులో పిల్లల్ని గదమాయించిన గొంతు. వీధిలో భోజనాల దగ్గర మగవాళ్ళు ఇటు తిరిగారు. గోడ అవతల ఇంట్లో ఎవరో కిటికీ తెరిచారు. ఎవరికి ఎంతవరకు వినపడిందో చూడకుండా ఇంకోసారి అరిచాను.

ఈసారి ఆమె వింది.

"మరిది ఎప్పుడొచ్చాడు?" అంది, నన్ను కాదు, ఎవరినీ కాదు.

"ఫిబ్రవరి, పెద్దమ్మా. మూడో తారీకు" అంది అమ్మాయి, చెవి దగ్గరికి వంగి.

పెద్దమ్మ కొంగులోంచి కుడిచెయ్యి బయటికి తీసింది. బొటనవేలితో చిటికెనవేలి నుంచి ఒక్కో కణుపూ తాకుతూ, పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మార్చి, ఏప్రిల్, మే. జూన్ దగ్గర ఒక క్షణం ఆగి ముందుకు పోయింది. తొమ్మిదో కణుపు మీదికి వచ్చేసరికి బొటనవేలు నిలిచిపోయింది. ఆమె దాన్ని అక్కడినుంచి తియ్యలేదు. పళ్ళేల్లో పలావు వడ్డించుకొచ్చిన ఒక చిన్నపిల్ల పళ్ళెం పట్టుకొని ఆమె ముందు నిలబడింది. అందుకోవడానికి ఆ చెయ్యి ఖాళీ లేదు.